లాగడం వేరు, ఆపడం వేరు: పికప్ బండ్ల లోడు లెక్క ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా: బండికి ఎంత లోడు వేయొచ్చన్నది ఇంజన్ బలాన్ని బట్టి తేలదు. బ్రేకులు, టైర్లు, యాక్సిల్ (చక్రాలని కలిపే ఇరుసు), కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), ఛాసిస్... వీటిలో ఏది ముందుగా చేతులెత్తేస్తుందో దాన్ని బట్టి తేలుతుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఘాట్ రోడ్లు ఎక్కువ, సీజన్ సరుకు రవాణా ఎక్కువ. అందుకే ఈ తేడా ఇక్కడ ప్రాణాల మీదకి వస్తోంది. ఆర్సీలో ఉన్న అంకెల అర్థం ఏమిటి, ఓవర్‌లోడ్ బండిలో లోపల ఏం జరుగుతుంది, అన్నీ తెలిసి కూడా ఎందుకు ఎక్కిస్తున్నారు అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

జూన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లా రోడ్ల నిండా తోతాపురి మామిడే. బంగారుపాళెం, దామలచెరువు మార్కెట్లకి, గుజ్జు ఫ్యాక్టరీలకి ట్రాక్టర్లు, టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు, అశోక్ లేలాండ్ దోస్త్‌లు బారులు తీరతాయి. వాటిలో చాలావాటికి పక్క డోర్ల మీద చెక్కలు కట్టి ఎత్తు పెంచి ఉంటారు. కాయ గుట్టగా పోసి, పైన పట్ట కప్పి, తాడు బిగిస్తారు. వెనక పట్టీలు బరువుకి తిన్నగా అయిపోయి ఉంటాయి. చక్రానికీ బాడీకీ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా కనిపించదు.

బండి కాటా మీదకి ఎక్కుతుంది. చీటీ వస్తుంది. ఆ చీటీ ఇలా ఉందనుకుందాం: గ్రాస్ (బండి, సరుకు కలిపి) 4,360 కిలోలు, టేర్ (ఖాళీ బండి) 1,720, నెట్ (సరుకు మాత్రమే) 2,640. రైతు చూసేది నెట్, ఎందుకంటే డబ్బులు వచ్చేది దానికే. ఫ్యాక్టరీ చూసేదీ నెట్టే. గ్రాస్ అంకె ఎవరికీ పట్టదు. బండి భద్రతకి సంబంధించిన విషయమంతా మాత్రం ఆ గ్రాస్‌లోనే ఉంది.

ఆర్సీలో ఉన్న రెండు అంకెలు

ప్రతి సరుకు బండి ఆర్సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి అన్‌లేడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. రెండోది లేడెన్ వెయిట్. దీన్నే గ్రాస్ వెహికల్ వెయిట్, జీవీడబ్ల్యూ అని కూడా అంటారు. బండి, డీజిల్, డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి, సరుకు, స్టెప్నీ, మీద కప్పిన పట్ట, అన్నీ కలిపి రోడ్డు మీద ఉండాల్సిన గరిష్ఠ బరువు అది. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తే మిగిలేది వేయదగ్గ లోడు.

చీటీలోని బండి ఆర్సీలో లేడెన్ వెయిట్ 3,220 అని ఉందనుకుంటే, దాని మీద వేయదగ్గది 1,500 కిలోలు. అందులోనే డ్రైవరు, క్లీనరు బరువు కూడా పోవాలి. వేసింది 2,640. అంటే మొత్తం బండి బరువు పరిమితికి 35 శాతం పైన ఉంది.

షోరూమ్‌లో 'టన్నున్నర బండి', 'టన్నూ ఏడు వందల బండి' అని చెప్పే మాట లోడుకి సంబంధించినది. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి వర్తించే అంకె. తర్వాత ఇనుప బాడీ కట్టించినా, పైన కమ్మీలు వేయించినా, ముందు బంపరు బిగించినా ఖాళీ బండి బరువు పెరుగుతుంది, లేడెన్ వెయిట్ మాత్రం పెరగదు. నూటయాభై కిలోల ఇనుము బిగిస్తే నూటయాభై కిలోల సరుకు తగ్గించాల్సిందే. అలా తగ్గించేవాళ్లు చాలా తక్కువ.

ఇంకో రెండు విషయాలు జనాన్ని బాగా గందరగోళపరుస్తున్నాయి. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితులు పెంచింది. రెండు యాక్సిళ్ల లారీకి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకి పెరిగింది. 'గవర్నమెంటే లోడు పెంచింది కదా' అనే మాట అప్పటి నుంచి చిన్న బండ్ల దగ్గర కూడా వినిపిస్తోంది. ఆ పెంపు పెద్ద లారీల యాక్సిళ్లకి సంబంధించినది. పికప్‌కి తయారీదారు ఇచ్చిన అంకె, ఆర్సీలో ఎక్కిన అంకె, అంతే. రెండోది లైసెన్సు విషయం. తేలికపాటి వాహనాల (ఎల్ఎంవీ) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోలలోపు రవాణా వాహనం నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అది ఎవరు ఏ బండి నడపొచ్చన్న లెక్క. ఏ బండిలో ఎంత వేయొచ్చన్నదానికీ దానికీ సంబంధం లేదు.

కన్ను ఎందుకు మోసపోతుంది

బండి నిండిందా లేదా అని చూసి లోడు అంచనా వేయడం అలవాటు. ఇది సరుకుని బట్టి ఘోరంగా తప్పుతుంది.

ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బాడీ తీసుకుందాం. అందులో పట్టేది 66 ఘనపుటడుగులు, అంటే సుమారు 1.87 ఘనపు మీటర్లు. పొడి ఇసుక ఘనపు మీటరు దాదాపు 1.6 టన్నులు తూగుతుంది. డోరు అంచు వరకు సమంగా పోస్తేనే మూడు టన్నులు. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. అంటే టన్నున్నర బండికి ఇసుక సగం లోతు వరకే పోయాలి. సగం ఖాళీగా కనిపించే బండిని చూసి 'ఇంకాస్త పోయండి' అనడం సహజం. తప్పు మొదలయ్యేది అక్కడే. గ్రానైట్ అయితే ఘనపు మీటరుకి 2.7 టన్నుల దాకా ఉంటుంది. రెండు పెద్ద దిమ్మెలు పెడితే చాలు, బాడీ దాదాపు ఖాళీగా ఉన్నా బండి నిండిపోయినట్టే.

టమాటాది వేరే దారి. ఒక క్రేటు 25 కిలోలనుకుంటే 60 క్రేట్లకి టన్నున్నర అయిపోతుంది. కానీ క్రేట్లు ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చుంటాయి, ఆరు వరసలైనా ఏడు వరసలైనా పడిపోకుండా నిలబడతాయి. సరుకు బుద్ధిగా నిలబడింది కాబట్టి లోడు సరిగ్గా ఉందనిపిస్తుంది. వరిగడ్డి దీనికి పూర్తిగా ఉల్టా. కొండంత కనిపించినా బరువు పరిమితిలోనే ఉండొచ్చు. దాంతో ప్రమాదం బరువు వల్ల కాదు, ఎత్తు వల్ల.

నీళ్ల లెక్క అన్నిటికంటే సులువు. లీటరుకి కిలో. అయిదు వేల లీటర్ల ట్యాంకరు అంటే నీళ్లే అయిదు టన్నులు. దాన్ని లాగే ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. సగం నిండిన ట్యాంకరైతే బ్రేకు వేసినప్పుడు నీళ్లు ముందుకి, మలుపు తిప్పినప్పుడు పక్కకి ఊగుతాయి. బరువు తక్కువైనా కుదుపు ఎక్కువ.

పైకి లాగిన ఇంజన్, కిందకి ఆపాల్సిన బ్రేకు

'మూడు టన్నులు వేసినా లాగుతోంది కదా' అనేది ఓవర్‌లోడ్‌కి అందరూ చెప్పే సమర్థన. నిజమే, లాగుతుంది. డీజిల్ ఇంజన్‌కి తక్కువ వేగంలో లాగే బలం ఎక్కువ. మొదటి గేరులో దాదాపు ఏ లోడైనా కదులుతుంది. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండి నెమ్మదిస్తుంది, మరీ అయితే ఆగిపోతుంది. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే బండి ఆగదు. ఎక్కేటప్పుడు జరిగే లోపం బండిని నిలిపేస్తుంది, దిగేటప్పుడు జరిగే లోపం బండిని వదిలేస్తుంది.

పలమనేరు పీఠభూమి మీద ఉంది. చిత్తూరు దానికంటే సుమారు 350 మీటర్లు కింద ఉంది. పలమనేరు, వి.కోట వైపు నుంచి చెన్నైకి వెళ్లే కూరగాయల బండి మొగిలి ఘాట్ మీదుగా ఈ ఎత్తంతా దిగాలి. ఎత్తు మీద ఉన్న బరువులో దాగిన శక్తి దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. కొంత గాలి, కొంత టైర్ల రాపిడి తింటాయి. మిగిలింది ఇంజన్, బ్రేకులు వేడిగా మార్చాలి.

ఆ వేడి ఎంతో ఊహించడానికి వంటింటి లెక్క చాలు. ఆర్సీ ప్రకారం 3,220 కిలోలున్న బండి 350 మీటర్లు దిగితే బయటపడే శక్తితో మామూలు నీళ్లు దాదాపు 38 లీటర్లు మరిగించొచ్చు. చీటీలో ఉన్న 4,360 కిలోల బండి అయితే 51 లీటర్లు. అంటే కేవలం ఓవర్‌లోడ్ వల్ల అదనంగా పుట్టిన వేడి పదమూడు లీటర్ల నీళ్లని మరిగించేంత. బ్రేకు డ్రమ్ము, డిస్కు సైజు మాత్రం కంపెనీ 3,220కి లెక్కేసి పెట్టినవే.

వేడెక్కితే మూడు సంగతులు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. మొదట డ్రమ్ము ఉబ్బుతుంది. దాంతో లైనరుకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి, పెడల్ ఇంకాస్త లోపలికి తొక్కాల్సి వస్తుంది. తర్వాత లైనరు పట్టు తగ్గుతుంది. ఎంత గట్టిగా తొక్కినా బండి ఇంతకు ముందులా ఆగదు. కాలిన వాసన వచ్చేది ఇప్పుడే. మూడోది బ్రేక్ ఆయిల్ మరగడం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమని పీల్చుకున్న పాత ఆయిల్‌కి ఆ ప్రమాణం 140 డిగ్రీలు మాత్రమే. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. అప్పుడు పెడల్ నేలని తాకుతుంది, చక్రం దగ్గర ఏమీ జరగదు.

ప్రమాదం జరిగాక డ్రైవరు 'బ్రేకులు ఫెయిలయ్యాయి' అని చెప్పడం, బండి చల్లారాక మెకానిక్ చూసి 'బ్రేకులు బాగానే ఉన్నాయే' అనడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఆవిరి చల్లారి మళ్లీ ద్రవమైతే పెడల్ మామూలుగా గట్టిపడుతుంది.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ఈ కథలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. గేరులో ఉంటే ఇంజన్ కూడా బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, వేడిలో కొంత భాగం అది తీసుకుంటుంది. న్యూట్రల్ వేస్తే భారమంతా బ్రేకుల మీదే. ఇంజనే ఆపేస్తే ఇంకా ప్రమాదం. పికప్ బండ్లలో బ్రేకుకి సాయపడే వాక్యూమ్ ఇంజన్ తిరుగుతుంటేనే పుడుతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి ఆ సాయం అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా సరైనది.

ట్రాక్టరుకి ఇంకో చిక్కు ఉంది. చాలా ట్రాలీలకి సొంత బ్రేకులు ఉండవు. రెండు టన్నుల ట్రాక్టరు వెనక చక్రాలే తనని, వెనకున్న నాలుగైదు టన్నుల ట్రాలీని కలిపి ఆపాలి. పల్లంలో బ్రేకు వేస్తే ట్రాలీ ముందుకి నెట్టి ట్రాక్టరుని అడ్డం తిప్పేస్తుంది.

అదనపు పట్టీ వేస్తే లోడు పెరిగినట్టేనా?

పికప్ కొన్న కొత్తలోనే చాలామంది చేసే పని వెనక కమాన్‌లో ఒకటి రెండు పట్టీలు ఎక్కించడం. బండి కూర్చుండిపోదు, లోడు వేసినా నిటారుగా ఉంటుంది. చూడ్డానికి ధైర్యంగా ఉంటుంది.

పట్టీ పెరిగితే పట్టీ బలం మాత్రమే పెరుగుతుంది. దాని కిందున్న యాక్సిల్ అదే, బేరింగులు అవే, టైర్లు అవే, బ్రేకులు అవే. పైనున్న ఛాసిస్ కూడా అదే. బలహీనమైన చోటు పట్టీ నుంచి ఇంకో చోటికి మారిందంతే. పైగా ఇంతకు ముందు పట్టీ వంగి చేసే హెచ్చరిక ఇప్పుడు ఉండదు. బండి కూర్చుండిపోవడం అంటే 'ఇక చాలు' అని బండి చెప్పడమే. ఆ మాట వినపడకుండా నోరు నొక్కడానికి డబ్బిచ్చి మరీ పట్టీ వేయిస్తున్నట్టు అవుతోంది.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. దీని గురించి గ్యారేజీల్లో కూడా పెద్దగా మాట్లాడుకోరు. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ పైన, ఛాసిస్‌కి బిగించి చేతి పిడికిలంత వాల్వ్ ఒకటి ఉంటుంది. దాన్నుంచి ఒక సన్నని కమ్మీ యాక్సిల్‌కి కలిసి ఉంటుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువు తక్కువ. గట్టిగా బ్రేకు వేస్తే అవి బిగుసుకుని జారిపోతాయి. అందుకని వాల్వ్ వెనక బ్రేకులకి వెళ్లే ఒత్తిడిని తగ్గిస్తుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే కమ్మీ కదులుతుంది, వాల్వ్ తెరుచుకుని వెనక బ్రేకులకి పూర్తి ఒత్తిడి పంపుతుంది. అంటే లోడు ఎంతుందో ఈ వాల్వ్ తెలుసుకునేది బండి ఎంత దిగిందన్నదాన్ని బట్టే.

అదనపు పట్టీలు వేసిన బండి లోడు వేసినా దిగదు. వాల్వ్ దృష్టిలో బండి ఇంకా ఖాళీగానే ఉంది. కాబట్టి వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గించే పంపుతుంది. వెనక రెండున్నర టన్నులున్నా బ్రేకింగ్ భారమంతా ముందు చక్రాలే మోస్తాయి, అవే ముందు వేడెక్కుతాయి. ఎక్కువ లోడు మోయడానికని చేసిన పని, సరిగ్గా ఎక్కువ లోడు ఉన్నప్పుడే బ్రేకుని తగ్గిస్తోంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొత్త బండ్లలో ఈ సర్దుబాటు వేరేలా జరుగుతుంది. పాత పికప్ కొంటున్నవాళ్లు మాత్రం కిందికి వంగి పట్టీలు లెక్కపెట్టుకోవడం, ఆ కమ్మీ ఊడిపోయి ఉందో లేదో చూడడం మంచిది.

టైరు గోడ మీద ఉన్న అంకె

టైరు పక్కన సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది, దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 106 అంటే 950, 108 అంటే 1,000 కిలోలు మోయగలదు, అదీ గాలి సరిగ్గా ఉంటేనే. 106/104 అని రెండంకెలుంటే మొదటిది ఒక పక్క ఒకే టైరు ఉన్నప్పుడు, రెండోది జంట టైర్లు ఉన్నప్పుడు.

చీటీలోని బండికి వెనక 108 టైర్లు ఉన్నాయనుకుంటే రెండూ కలిపి మోసేది 2,000 కిలోలు. ఖాళీ బండిలో వెనక యాక్సిల్ మీద 700 కిలోలు ఉండి, లోడులో 85 శాతం వెనకే పడితే, ఇప్పుడు అక్కడున్నది దాదాపు 2,940. ఒక్కో టైరు మీద 1,470. టైరు పేలేది మేకు గుచ్చుకునే కాదు. బరువుకి గోడలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ లోపల వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు వేడి దానికి తోడవుతుంది.

బరువు ఎంతో కాదు, ఎక్కడ?

లోడు పరిమితిలోనే ఉన్నా పెట్టిన చోటు తప్పైతే బండి అదుపు తప్పుతుంది. ఇనుప కమ్మీలు, పైపులు, వెదురు బొంగులు వెనక డోరు దాటి బయటికి వస్తాయి. ముందు, వెనక చక్రాల మధ్య మూడు మీటర్ల దూరం ఉన్న బండిలో 300 కిలోల బరువు వెనక యాక్సిల్‌కి మీటరు వెనక పడితే, వెనక యాక్సిల్ మీద 400 కిలోలు పెరిగి, ముందు చక్రాల మీద వంద కిలోలు తగ్గుతాయి. తక్కెడ సూత్రమే ఇది. ముందు తేలికైతే స్టీరింగ్ కూడా తేలికవుతుంది. 'స్టీరింగ్ వెన్నలా తిరుగుతోంది' అని డ్రైవరు సంతోషపడితే అది సంతోషించాల్సిన విషయం కాదు. తిప్పినప్పుడు రోడ్డుని పట్టుకోవడానికి ముందు టైర్ల మీద చాలినంత బరువు లేదని అర్థం.

ఎత్తు ఇంకా కీలకం. రెండు చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లున్న బండిలో లోడుతో కలిపి గురుత్వ కేంద్రం నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తుకి చేరిందనుకుందాం. 15 మీటర్ల వ్యాసార్ధమున్న హెయిర్‌పిన్ మలుపులో అది గంటకు 32 కిలోమీటర్ల దగ్గర బోల్తా పడే స్థితికి వస్తుంది. ఇది కాగితం మీది లెక్క. పట్టీలు ఒకవైపుకి వంగి, తాడు వదులై, కాయలు పక్కకి జరిగితే అంతకంటే బాగా తక్కువ వేగంలోనే పడుతుంది. గుట్టగా పోసిన మామిడికాయలు మలుపులో కదులుతాయి, క్రేట్లలో పెట్టినవి అంతగా కదలవు.

2025 జూలైలో అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలంలో, రెడ్డిపల్లి చెరువుకట్ట మీద మామిడికాయల లారీ బోల్తా పడి తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. పొద్దంతా కాయ కోసి, ఆ కాయ మీదే కూర్చుని తిరిగి వస్తున్నవాళ్లు. సరుకు పైన మనిషి కూర్చుంటే బండి బరువు పెద్దగా మారదు. కానీ బండి పక్కకి ఒరిగితే ముందు కింద పడేది మనిషి, తర్వాత ఆ మనిషి మీద పడేది సరుకు. పుల్లంపేట ఘటన గురించి చెప్పుకునేటప్పుడు ఈ మాట దాటవేయకూడదు.

తెలిసి కూడా ఎందుకు ఎక్కిస్తున్నారు?

ఓవర్‌లోడ్‌ని డ్రైవరు నిర్లక్ష్యం అని తేల్చేయడం సులువు. లెక్క చూస్తే విషయం వేరేగా కనిపిస్తుంది. బాడుగ కిలోకి కాకుండా ట్రిప్పుకి కట్టే పద్ధతే ఎక్కువ. ట్రిప్పుకి 3,000 రూపాయలు అనుకుంటే, 1,500 కిలోలు వేస్తే రైతుకి కిలోకి రెండు రూపాయలు పడుతుంది. 2,640 వేస్తే రూపాయి పద్నాలుగు పైసలే.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించారు. ఎనిమిది రూపాయల సరుకు మీద 86 పైసలు మిగలడమంటే చిన్న విషయం కాదు. దానికి తోడు ఫ్యాక్టరీ గేట్ల ముందు బండ్ల బారు. టోకెన్ దొరికి లోపలికి వెళ్లడమే గగనమైనప్పుడు, దొరికిన ఒక్క ట్రిప్పులో తోట మొత్తం ఖాళీ చేయాలనిపిస్తుంది. పండిన కాయ ఆగదు. క్యూలో నిలబడ్డ బండికి వెయిటింగ్ బాడుగ ఆగదు. ఈఎంఐ అసలే ఆగదు. రైతు, బండి ఓనరు, డ్రైవరు ముగ్గురికీ ఆ రోజుకి ఓవర్‌లోడే లాభంగా కనిపిస్తుంది. నష్టం మాత్రం ఎప్పుడో ఒకరోజు, ముగ్గురిలో ఎక్కువసార్లు డ్రైవరు మీదే పడుతుంది.

కిలో లెక్కన బాడుగ కట్టినా ఇది పూర్తిగా మారదు, ఎందుకంటే అప్పుడు ఎక్కువ వేయడంలో లాభం రైతు నుంచి బండి ఓనరుకి మారుతుంది. పరిమితి లోపలి బరువుకే టోకెన్ ఇచ్చి, గ్రాస్ అంకెని కూడా చూసే పద్ధతి గేటు దగ్గరే ఉంటే తప్ప ఈ లెక్క తిరగబడదు. ప్రతి ఫ్యాక్టరీ దగ్గరా కాటా ఉంది, ప్రతి బండీ దాని మీదకి ఎక్కుతుంది. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

చట్టం వేసే జరిమానా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 113వ సెక్షన్ బరువు పరిమితుల గురించి, 114 బండిని తూకం వేయించే అధికారం గురించి, 194 జరిమానా గురించి చెబుతాయి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. అంతకు ముందు ఇది 2,000, టన్నుకి 1,000 ఉండేది. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా బండివాళ్లదే. దించేదాకా బండి కదలకూడదు. తూకానికి ఆపకుండా వెళ్లిపోతే 40,000. బరువు సరిగ్గా ఉన్నా సరుకు పక్కలకి, వెనక్కి, పైకి పరిమితి దాటి వస్తే దానికీ 20,000.

చీటీలోని బండికి టన్ను పైన ఎక్కువుంది. జరిమానా కనీసం 22,000. బండిలో ఉన్న కాయ మొత్తం ఫ్యాక్టరీ ధర లెక్కన 21,120. పట్టుబడితే లోడంతా పోయినట్టే. అయినా ఎక్కించడం ఆగలేదంటే పట్టుబడే అవకాశం తక్కువని అందరికీ తెలుసు కాబట్టే. జరిమానా పెంచడం కంటే తూకం తరచుగా జరగడం ఎక్కువ పని చేస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

బీమా సంగతి ఇంకా కష్టం. సరుకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించినవాళ్లకి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో చెప్పింది. సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమాని, అతని తరఫు మనిషి సంగతి వేరు, 1994 సవరణ వాళ్లని కవర్ చేస్తుంది. లోడు మీద కూర్చున్న పది మందిలో ఎవరు దేని కిందకి వస్తారన్నది తర్వాత ఏళ్ల తరబడి కోర్టులో తేలే విషయం.

రోడ్లని పాడు చేసేది ఎవరు?

ఇక్కడ పికప్‌ల మీద వేసే నింద సరికాదు. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958 నుంచి 1960 వరకు జరిపిన రోడ్డు పరీక్షల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, రోడ్డుకి జరిగే నష్టం యాక్సిల్ బరువుకి దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మూడు టన్నుల పికప్ యాక్సిల్ హైవేకి చేసే నష్టం, ప్రామాణిక 8.16 టన్నుల లారీ యాక్సిల్ చేసేదాంట్లో రెండు శాతం కూడా ఉండదు. 11.5 టన్నులు ఉండాల్సిన చోట 15 టన్నులు వేసుకుని పోయే ఇసుక టిప్పరు, గ్రానైట్ లారీ మాత్రం దాదాపు మూడు రెట్ల నష్టం చేస్తాయి. తేలికపాటి బండ్ల కోసం వేసిన పల్లె రోడ్డు మీద నుంచి అవి వెళ్తే ఒక్క వానాకాలం చాలు.

కొండకి వెళ్లే ఏడు సీట్ల బండ్లు

లోడు అనగానే సరుకే గుర్తొస్తుంది. తిరుపతిలో మనుషుల లోడు కూడా అంతే ముఖ్యం. చాలా ఏడు సీట్ల బండ్లలో మనుషులు, సామాను కలిపి మోయగలిగింది సుమారు 500 నుంచి 600 కిలోలు. సగటున 65 కిలోల చొప్పున ఏడుగురు పెద్దవాళ్లు 455 కిలోలు, తలా పదిహేను కిలోల సామాను 105. మొత్తం 560. అక్కడికే బండి నిండింది. తొమ్మిది మంది కూర్చుంటే 720 అవుతుంది. పైన క్యారియర్ మీద వేసే బ్యాగులకి వేరే పరిమితి ఉంటుంది. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో అది 50 నుంచి 100 కిలోల మధ్యే.

తిరుమల తిరుపతి కంటే 700 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది. దిగేటప్పుడు వచ్చేది 1944లో ప్రారంభమైన పాత ఘాట్ రోడ్డు మీదుగా. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండో రోడ్డు. 2,300 కిలోల బండి ఆ ఎత్తు దిగేటప్పుడు పుట్టే శక్తి 54 లీటర్ల నీళ్లు మరిగించేంత. కొండ మీద ఘాట్‌కి కనీస ప్రయాణ సమయం పెట్టడం ఎందుకని విసుక్కునేవాళ్లు ఈ లెక్క చూడాలి. అదే వేడి ఎక్కువసేపట్లో పుడితే బ్రేకులకి చల్లారే సమయం దొరుకుతుంది.

చట్టంలో ఒక వింత ఉంది. మనుషుల విషయంలో అది బరువు చూడదు, సీట్లు లెక్కపెడుతుంది. పర్మిట్‌కి మించి ఎక్కిన ఒక్కో ప్రయాణికుడికి 194ఏ సెక్షన్ కింద జరిమానా 200 రూపాయలు. సరుకుకి ఇరవై వేలు, మనిషికి రెండు వందలు. ఈ తేడాని సమర్థించడం కష్టం.

కాటా దగ్గర ఇంకో నిమిషం

యాక్సిల్ బరువు తెలుసుకోవడానికి ప్రత్యేక యంత్రం అక్కర్లేదు. మామూలు వే బ్రిడ్జి మీదే చూడొచ్చు. మొదట బండి మొత్తం ఎక్కించి గ్రాస్ తీసుకోవాలి. తర్వాత ముందు చక్రాలు కాటా దిగి, వెనక చక్రాలు మాత్రమే దాని మీద ఉండేలా బండిని జరపాలి. కాటా, నేల సమంగా ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేయకూడదు. అప్పుడు వచ్చే అంకె వెనక యాక్సిల్‌ది. గ్రాస్‌లోంచి తీసేస్తే ముందుది వస్తుంది. వెనక అంకెని రెండుతో భాగించి టైరు మీది లోడ్ ఇండెక్స్‌తో, గ్రాస్‌ని ఆర్సీలోని లేడెన్ వెయిట్‌తో పోల్చి చూడాలి. తోటలో ఎన్ని క్రేట్లు వేస్తే ఆ రెండు అంకెలూ సరిపోతాయో సీజన్ మొదట్లో ఒక్కసారి చూసుకుని, ఆ క్రేట్ల సంఖ్యని డోరు లోపలి వైపు పెయింటుతో రాసుకోవచ్చు. ఆ తర్వాత లోడు వేసే హమాలీకి కూడా ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.